ఇద్దరికీ ఒకేసారి

కవలలు ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన రెండో రోజుకల్లా ఆ పడగ్గది బస్‌స్టాండైపోయింది. చేసినవాడు ఎవరో కాదు, పిల్లల తండ్రే. అతను బస్సు డిపోలో టైంకీపరు. ఏ బస్సు ఎన్నింటికి రావాలి, ఏ ప్లాట్‌ఫాం మీద ఆగాలి, ఎన్ని నిమిషాలు నిలబడాలి అని పదహారేళ్లుగా చీటీలు రాస్తున్న మనిషి. డిపోలో అందరూ అతణ్ణి గడియారం అంటారు. ఆ పేరు ఎగతాళికి పుట్టిందే అయినా అతనికి మాత్రం బిరుదులా వినిపిస్తుంది. అలాంటివాడి ఇంట్లో ఒకేసారి ఇద్దరు దిగితే ఊరుకుంటాడా? మంచానికి ఎదురుగా గోడకి ఒక అట్ట అతికించాడు. పెద్దది కుడివైపు, చిన్నది ఎడమవైపు. మూడు గంటలకొకసారి, ఒక్కొక్కదానికి పది నిమిషాలు. ముందు పెద్దది, అది దిగాక చిన్నది. తాగిన ప్రతిసారీ ఎర్ర పెన్నుతో ఒక టిక్కు.

పెద్దది అంటే ఆరు నిమిషాల పెద్ద. పుట్టినప్పుడే రెండున్నర కిలోలుంది. ఆకలేస్తే ఇల్లు పీకి పందిరేస్తుంది. నోటికి రొమ్ము అందిందంటే చాలు, ఎవరో లాక్కుపోతారన్నట్టు జుర్రుకుని, పది నిమిషాలకి రెండు నిమిషాలుండగానే వదిలేసి త్రేన్చేది. చిన్నది రెండు కిలోల వంద గ్రాములు. దానికి ఏడవడం కూడా బద్ధకమే. నాలుగు గుక్కలు చప్పరించి, ఆ మాత్రానికే అలసిపోయి నిద్రలోకి జారుకునేది. తల్లి అరికాలు గీరితే ఒక కన్ను తెరిచి, ఇంకో రెండు గుక్కలు చప్పరించేది. ఇంతలో "టైమైంది" అని తండ్రి గొంతు వినపడేది. ఎర్ర టిక్కు పడిపోయేది. అట్ట ప్రకారం చిన్నది ఒక్క పూట కూడా పస్తు లేదు. పిల్ల మాత్రం ఎముకలు తేలి, పిట్టపిల్లలా అయిపోతూ వచ్చింది.

తల్లికి ఇది కనిపించలేదా అంటే, కనిపించింది. బట్టల ఫ్యాక్టరీలో ఆమె నోటికి జడవని సూపర్‌వైజరు లేడు. జీన్సు ప్యాంట్లకి పక్క కుట్టు వేసే రెండు సూదుల మిషను మీద తొమ్మిదేళ్ల అనుభవం, లైను మొత్తానికి తనే ముందు. కానీ కడుపు కోసి ఇద్దర్ని బయటికి తీశాక మంచం మీంచి లేవడమే గగనమైన రోజుల్లో ఆ నోరు ఎక్కడో పడిపోయింది. ఎవరేం చెప్పినా తలూపుతూ కూర్చుంది. ఇది తింటే పాలు పడతాయంటే తినేది. అది తింటే పోతాయంటే మానేది. అందరూ తన మంచికే చెబుతున్నారు కదా అనుకునేది.

పదో రోజున ఇద్దర్నీ వీధి చివర ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లారు. పెద్దది రెండు కిలోల ఆరువందలు తూగింది. చిన్నది కిలో తొమ్మిదివందల ఎనభై. పుట్టినప్పటికంటే తక్కువ. నర్సు కళ్లజోడు సర్దుకుని రెండుసార్లు చూసింది.

"వచ్చేవారం తీసుకురండి. రెండు కిలోల రెండొందలైనా ఉండాలి. లేకపోతే పైపాలు మొదలుపెడదాం" అంది.

నర్సు అన్నది అంతే. ఆ మాట ఇల్లు చేరేసరికి దానికి కాళ్లూ చేతులూ మొలిచాయి. అత్తగారు చెప్పులు విప్పుతూనే తీర్పు చెప్పేసింది. "పాలు లేవు. అదీ సంగతి." సాయంత్రానికల్లా ఆ సంగతి ఫోన్లో అందరికీ చేరిపోయింది. మర్నాడు పొద్దున్నే రెండు గంటల బస్సు ప్రయాణం చేసి వదిన దిగింది. వదిన అంటే గడియారానికి అక్క. చేతిలో పెద్ద సంచీ, సంచీలో రెండు డబ్బాల పాలపొడి, పసిపిల్లని చుట్టే కొత్త దుప్పటి.

ఒక్క దుప్పటే తెచ్చింది. తల్లి ముందు చూసింది అదే.

"చూడమ్మా, నీ తప్పని ఎవరూ అనట్లేదు. కొందరికి పడవంతే" అంది వదిన, మంచం పక్కన కూర్చుని. "ఇద్దర్నీ పెట్టుకుని నువ్వు నలిగిపోవడం ఎందుకు? చిన్నదాన్ని నేను తీసుకెళ్తా. మూడు నెలలు. మూడంటే మూడే. డబ్బాపాలు పట్టి, బొద్దుగా చేసి తెచ్చి నీ ఒళ్లో పెడతా."

వదిన చెడ్డ మనిషి కాదు. అసలు చిక్కంతా అక్కడే ఉంది. చెడ్డదైతే గుమ్మంలోనే నాలుగు దులిపి పంపేయొచ్చు. ఈమె వచ్చిన గంటలో బకెట్టెడు గుడ్డలు ఉతికి ఆరేసింది, మరదలి తల దువ్వి జడ వేసింది. అలాంటి మనిషికి కాదని చెప్పడానికి నాలుక ఎలా తిరుగుతుంది?

"వచ్చేవారం తూకం చూశాక చెప్తాను వదినా" అంది తల్లి.

"అంతేగా మరి. రెండు రెండొందలు రాకపోతే పంపుతావన్నమాట" అంది అత్తగారు గుమ్మంలోంచి.

తల్లి తలూపింది. ఊపిన మరుక్షణమే ఊపకుండా ఉండాల్సిందనిపించింది. ఎందుకంటే ఆ ఇంట్లో నెలల లెక్క ఎలా ఉంటుందో ఆమెకి బాగా తెలుసు. గడియారాన్ని కూడా పసిగుడ్డుగా ఉన్నప్పుడు ఇలాగే తల్లికి పాలు లేవని పెద్దమ్మ తీసుకెళ్లింది. రెండు నెలలకని వెళ్లినవాడు అయిదో తరగతిలో తిరిగొచ్చాడు. ఈ నాటికీ అతను అమ్మా అని పిలిచేది పెద్దమ్మనే. కన్నతల్లిని మీరు అంటాడు. కంచంలో కూర వేయబోతే "చాలండి" అంటాడు, హోటల్లో సర్వరుతో అన్నట్టు. ఇంట్లో అందరికీ తెలిసిన విషయమే, ఎవరూ ఎత్తరు.

పన్నెండో రోజు మధ్యాహ్నం మూడు గంటలు. గడియారం డ్యూటీలో ఉన్నాడు, అతని అట్ట మాత్రం గోడ మీద డ్యూటీ చేస్తూనే ఉంది. వదిన మందుల షాపుకి వెళ్లింది. అత్తగారు వంటగదిలో గిన్నెలు సర్దుతోంది. పెద్దది కుడివైపు చేరి తన ధోరణిలో జుర్రుకుంటోంది. ఎప్పట్లాగే ఎడమవైపు నుంచి కూడా పాలు వాటంతటవే కారడం మొదలైంది. ఎప్పట్లాగే తల్లి మడత పెట్టిన తువ్వాలు అక్కడ అదిమి పట్టుకుంది. అయిదు నిమిషాల్లో తువ్వాలు తడిసి ముద్దైంది. ఇంకోటి కావాలి. ఒంటి చేత్తో మంచం మీద తడుముతుంటే పక్కన పడుకున్న చిన్నది తగిలింది. అది నిద్రపోవట్లేదు. ఏడవట్లేదు కూడా. తల అటూ ఇటూ తిప్పుతూ, ఏమీ లేని చోట నోరు తెరిచి మూస్తోంది.

తల్లి చేతిలో తడి తువ్వాలు ఉంది. పిండితే పాలు బొటబొటా కారాయి.

ఒక్కసారిగా ఆమె ఒళ్లంతా వేడెక్కింది. పాలు లేవని ఊరంతా చాటారు. మరి ఇవేంటి? పెద్దది లాగితే రెండువైపులా పాలు దిగుతున్నాయి. ఒకవైపువి పెద్దదాని కడుపులోకి, రెండోవైపువి తువ్వాల్లోకి. ధారంతా గుడ్డ తాగేశాక, అప్పుడు చిన్నదాని వంతు! చప్పరించి చప్పరించి మళ్లీ దింపుకునే ఓపిక దానికెక్కడిది? ఉన్న నాలుగు గుక్కల బలం అందుకే అయిపోతోంది. పైగా పది నిమిషాలకి దించేయడం ఒకటి. రోజూ ఎనిమిదిసార్లు తన చేత్తో తనే బిడ్డ నోటి దగ్గరి కూడు గుడ్డతో తుడిచేస్తోంది. ఇన్ని రోజులూ! ఆ అట్టని కాదు, ముందు తన చెంప తను వాయించుకోవాలనిపించింది.

వాయించుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. ఎడమచేత్తో చిన్నదాన్ని దగ్గరకి లాక్కుంది. ఒళ్లో చోటెక్కడ? అక్కడ పెద్దది మహారాణిలా పరుచుకుని ఉంది. దిండుని మోకాలితో లాగి, చంక కింద పెట్టి, దాని మీద చిన్నదాన్ని కాళ్లు వెనక్కి వచ్చేలా పడుకోబెట్టి, తల అరచేత్తో పట్టి రొమ్ముకి చేర్చింది. కుట్లు సలిపాయి. దిండు జారింది. పెద్దది పట్టు వదిలేసి కేకలు పెట్టింది. మళ్లీ మొదలు. మూడోసారికి కుదిరింది. చిన్నదాని నోట్లోకి ధార తనంతట తనే పడింది. అది బిత్తరపోయి కళ్లు రెండూ తెరిచింది. చప్పరించక్కర్లేదు, మింగితే చాలు. మింగింది. మళ్లీ మింగింది. గుటకలు తల్లి చెవికి వినపడుతున్నాయి. పుట్టి పన్నెండు రోజులైంది, దీని గొంతులో గుటక చప్పుడు వినడం ఇదే మొదలు. తల్లి భోరున ఏడ్చేసింది. ఏడుస్తూనే, కదిలితే ఎక్కడ వదిలేస్తాయోనని భుజాలు బిగబట్టుకుని కూర్చుంది.

ఆ ఏడుపు విని అత్తగారు పరుగున వచ్చి, చూసి, ముక్కు మీద వేలేసుకుంది.

"ఇదేం చోద్యమే? ఇద్దర్నీ ఒకేసారా? మనిషన్నది ఎవరైనా ఇలా ఇస్తుందా? పశువులా!"

"పశువునే అత్తయ్యా. పశువు ఏ పిల్లకీ టైము పెట్టదు."

పడిపోయిన నోరు దొరికింది. అత్తగారికి ఆ సంగతి ఇంకా తెలియదు.

"పెద్దవాళ్లు చెప్తే వినాలి. నాకూ పాలు లేవన్నారు. నేను నోరెత్తానా? కిమ్మనకుండా పిల్లాణ్ణి ఇచ్చేశాను."

"ఎత్తాల్సింది" అంది కోడలు.

అత్తగారి మొహంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది. వెనక్కి తిరిగి వంటగదిలోకి వెళ్లిపోయింది. ఆ మాట అనకుండా ఉండాల్సిందేమో అని కోడలికి అనిపించింది. కానీ వెనక్కి మాత్రం తీసుకోలేదు. పిల్లలిద్దరూ తాగుతూనే ఉన్నారు. ఇరవై అయిదు నిమిషాలు పట్టింది.

గడియారం డ్యూటీ దిగి వచ్చేసరికి గోడ ఖాళీగా ఉంది. అట్ట కోసం మంచం కింద, బీరువా వెనక వెతికాడు. అది మంచం మీదే ఉంది, నెలవంకలా కత్తిరించి ఉంది. దాన్ని పాత జీన్సు ప్యాంటు మీద కొలతకి పరిచి, సుద్దముక్కతో అంచు గీస్తోంది భార్య.

"అదేంటి, చార్టు చింపేశావా?"

"చింపలేదు, కత్తిరించాను. నడుం చుట్టూ పట్టే దిండు కుట్టుకుంటున్నా. అటొకర్ని, ఇటొకర్ని పెట్టుకోవడానికి. ఆ పాత పరుపులో దూది తీసి ఇవ్వండి."

"మరి ఎవరు ఎప్పుడు తాగారో, ఎంతసేపు తాగారో ఎలా తెలుస్తుంది?"

"తాగేవాళ్లకి తెలుస్తుంది."

"ఒకేసారి రెండు బళ్లు వచ్చేస్తే ఎలాగే? పద్ధతంటూ ఒకటి..."

"ఏవండీ, ఇవి మీ డిపో ప్లాట్‌ఫాంలు కావు. నా ఒళ్లు. పూటకోసారి వైపులు కూడా మారుస్తా. పెద్దది పొద్దున కుడివైపు తాగితే మధ్యాహ్నం ఎడమవైపు. మీకు రాసుకోవాలని మరీ దురదగా ఉంటే గుడ్డలెన్నిసార్లు తడుపుతున్నారో రాసుకోండి."

అప్పుడు ఆమె కత్తెర పక్కన పెట్టి, ఇన్నేళ్లూ ఆ ఇంట్లో ఎవరూ ఎత్తని మాట ఎత్తింది.

"మీరు వెళ్లింది కూడా రెండు నెలలకే కదా?"

అతను వెళ్లి పాత పరుపు కుట్లు విప్పి, దూది ఏరడం మొదలుపెట్టాడు. ఆ పని కూడా సమానమైన ఉండలు చేసి వరసలో పేర్చాడు. మనిషి తీరు అంత తొందరగా పోతుందా?

దిండు పూర్తయ్యాక అసలు ఆట మొదలైంది. మొదట్లో తల ప్రాణం తోకకి వచ్చింది. ఒకదాని నోరు కుదిరితే ఇంకోదాని నోరు జారేది. అయితే ఇది ఆమెకి కొత్తేమీ కాదు. రెండు సూదుల మిషను మీద కొత్తగా కూర్చున్న అమ్మాయిలందరూ ఒక్కో సూదినీ చూస్తూ కూర్చుంటారు, అందుకే కుట్టు వంకర పోతుంది. సూదుల్ని వదిలేసి గుడ్డ అంచు చూడాలని వాళ్లకి నేర్పేది తనే. ఇక్కడా అంతే. నోళ్ల వైపు చూడటం మానేసి, వెన్ను నిటారుగా పెట్టి, భుజాలు వదులు చేసి కూర్చుంటే వాళ్ల తిప్పలు వాళ్లే పడ్డారు. మూడో రోజుకి చిన్నది ఆకలేసి ఏడ్చింది. గట్టిగా, ఇంటి పైకప్పు అదిరేలా ఏడ్చింది. తల్లి ఆనందం పట్టలేక మొగుణ్ణి పిలిచి మరీ ఆ ఏడుపు వినిపించింది.

కానీ వదిన వెళ్లలేదు. సంచీ సర్దే ఉంచింది. "ఎలాగూ తూకం దాకా ఉంటానుగా" అంటూ గుడ్డలు ఉతుకుతూనే ఉంది. అత్తగారు కోడలితో మాట్లాడటం మానేసి, గోడలతో మాట్లాడుతోంది. "మాట ఇచ్చినవాళ్లు మాట మీద నిలబడాలి" అని గోడకి రోజూ చెబుతోంది.

పదిహేడో రోజు అందరూ బయల్దేరారు. వదిన సంచీ కూడా బయల్దేరింది, అట్నుంచి అటే బస్సెక్కడానికి. ఆరోగ్య కేంద్రంలో జనం కిటకిటలాడుతున్నారు. పిలుపు వచ్చేసరికి గంటన్నర పట్టింది. లోపలి గది చిన్నది. ఒక బల్ల, బల్ల మీద తూకం, ఒక కుర్చీ, నర్సు. తలుపు దగ్గర ఒక అటెండరు, అతని వెనక ఎత్తుకున్న బిడ్డలతో వంతు కోసం నిలబడ్డ తల్లుల వరస.

పెద్దది రెండు కిలోల ఎనిమిదివందల యాభై. ఎవరికీ ఆశ్చర్యం లేదు.

చిన్నదాన్ని లంగోటాతో పడుకోబెట్టారు. అంకెలు పైకీ కిందికీ ఆడి ఆగాయి. రెండు కిలోల నూట అరవై అయిదు.

నర్సు కిందటి వారం తను రాసిన కాగితం తిప్పి చూసింది. "చెప్పినంత రాలేదే. పాలు చాలుతున్నట్టు లేదు. పైపాలు రాయనా?" అంది, తండ్రి వైపు చూస్తూ.

"ముప్పై అయిదు గ్రాములేగా తక్కువ" అన్నాడు గడియారం.

"తక్కువ తక్కువే" అంది అత్తగారు. వదిన కొత్త దుప్పటి విప్పి, మెల్లగా, ఎంతో ప్రేమగా, తూకం మీది బిడ్డ కోసం చేతులు చాచింది.

తల్లి ఆ చేతులకి అడ్డంగా నిలబడింది.

"ఆయన్ని కాదు మేడం, నన్నడగండి. పాలు చాలట్లేదని ఎవరు చూశారు? ఇది ఆకలి మీదుంది. ఉన్నపళంగా ఇక్కడే పాలిస్తాను. ఇదే లంగోటా, ఇదే తూకం. తాగాక మళ్లీ పెడతాను. అప్పుడు రాయండి మీ ఇష్టమొచ్చింది."

"ఇక్కడా? బయట ఇరవైమంది ఉన్నారమ్మా."

"ఇరవై నిమిషాలు చాలు. వాళ్లూ తల్లులే, ఆగుతారు."

అటెండరు కల్పించుకున్నాడు. "పాలివ్వడానికి పక్కన గదుంది, అక్కడికెళ్లండి."

ఆ గది ఆమె వస్తూ చూసింది. చీపుళ్లు, ఫినాయిలు డబ్బాలు, తిరగేసిన బకెట్లు. "ఆ గదిలో కూర్చుని నువ్వు అన్నం తింటావా అన్నా?" అంది. అతను బుర్ర గోక్కున్నాడు. వరసలో ఎవరో ఫక్కున నవ్వారు. ఇంకెవరో "కూర్చోమ్మా, కూర్చో" అన్నారు.

ఆమె కుర్చీలో కూర్చుంది. వెంట తెచ్చుకున్న నెలవంక దిండు నడుం చుట్టూ పెట్టుకుంది. పెద్దదాన్ని కుడిచంక కింద, చిన్నదాన్ని ఎడమచంక కింద. తలుపు తెరిచే ఉంది. వరసంతా చూస్తోంది. వదిన దుప్పటి అడ్డం పట్టబోతే, "వద్దు వదినా, ఉక్కపోస్తుంది వాళ్లకి" అంది. సిగ్గు లేదా అని అత్తగారు నసిగింది. ఉంది, కానీ అది ఈ పూటకి పనికొచ్చేది కాదని ఆమె ఎప్పుడో తేల్చుకుంది. భయమల్లా ఒకటే. ఇంతమంది మధ్య, ఇంత కోపంలో పాలు దిగకపోతే? అడిగి మరీ పరువు పోగొట్టుకున్నదౌతుంది. పరువుదేముంది, పిల్ల వదినతో వెళ్లిపోతుంది. కళ్లు మూసుకుంది. వెన్ను నిటారుగా పెట్టింది. భుజాలు వదిలేసింది.

పెద్దది లాగింది. ఒక నిమిషం ఏమీ లేదు. రెండో నిమిషం సగంలో రొమ్ములు రెండూ చురుక్కుమన్నాయి. చిన్నది గుటక వేసింది. గది ఎంత నిశ్శబ్దంగా ఉందంటే, ఆ గుటక నర్సుకి కూడా వినపడింది. ఆవిడ పెన్ను పక్కన పెట్టేసి చూస్తూ కూర్చుంది.

పందొమ్మిది నిమిషాలకి చిన్నది పట్టు వదిలింది. గడ్డం మీద పాలచుక్క, మొహంలో కాస్త మత్తు. తల్లి దాన్ని తండ్రికి కూడా ఇవ్వలేదు. పెద్దదాన్ని అతని చేతుల్లో పడేసి, చిన్నదాన్ని తనే తీసుకెళ్లి తూకం మీద పడుకోబెట్టి, చేతులు వెనక్కి తీసుకుంది.

అంకెలు ఆడాయి. ఆగాయి. రెండు కిలోల రెండువందల పన్నెండు.

"నలభై ఏడు గ్రాములు" అంది నర్సు, తనలో తను అనుకున్నట్టు. "ఒక్క పూటలో." తర్వాత కిందటి వారం కాగితాన్ని మళ్లీ తీసి, ఈసారి లెక్క వేసింది. "వారంలో నూట ఎనభై అయిదు పెరిగిందే. మొదటే చూసుకోవాల్సింది. బాగానే పెరుగుతోంది ఇది."

"అదెలాగండీ?" అత్తగారు ఒంటికాలి మీద లేచింది. "ఇప్పుడే తాగింది కాబట్టి తూగింది. అది పిల్ల బరువు కాదు, పాల బరువు!"

తల్లి చిన్నదాన్ని తూకం మీంచి ఎత్తి భుజానికి వేసుకుంది.

"అవునత్తయ్యా, పాల బరువే" అంది. "మీరు లేవన్నవి అవే."